2004 నాటి టీవీ రికార్డింగుల్లో ఒక్క ఫోను కాల్ వెతకాలి. ఫిల్టర్లు ఎలా పెట్టాలి?

ఫిజిక్స్ టీచరమ్మ:

నమస్కారం. 2004 జూన్ 8న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఒక టీవీ ఛానల్ ఆ దృశ్యాన్ని ప్రత్యక్షంగా చూపిస్తూ, ఒక ఖగోళ శాస్త్రవేత్తను కూర్చోబెట్టి ప్రేక్షకుల ఫోన్లు కలిపింది. నేనూ చేశాను. లైను దొరికింది. "శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చేశాక కూడా, సిరా చుక్క సాగినట్టు సూర్యుడి అంచుకు అతుక్కుని కనిపించాడు, ఎందుకండీ?" అని అడిగాను. ఆయన ఇచ్చిన జవాబు విన్న రోజునే ఏం చదవాలో నిర్ణయించుకున్నాను.

"శుక్రుడి చుట్టూ ఉన్న దట్టమైన వాతావరణం వల్లనమ్మా" అని ఆయన అన్నట్టు నాకు గుర్తు. పదేళ్లుగా తరగతిలో ఆ కథ చెబుతున్నాను, ఆ జవాబుతో సహా. పోయిన నెల ఒక విద్యార్థిని లేచి, "టీచర్, బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణమే లేదు కదా. బుధుడు దాటినప్పుడూ ఆ చుక్క కనిపించిందని చదివాను. మరి ఆయన అలా ఎందుకు చెప్పారు?" అని అడిగింది. ఆ అమ్మాయి చదివింది నిజమే. 1999లో బుధుడు సూర్యుడి ముందు నుంచి వెళ్లినప్పుడు సూర్యుణ్ణి పరిశీలించే ట్రేస్ ఉపగ్రహం భూమి వాతావరణానికి పైనుంచి తీసిన చిత్రాల్లోనూ ఆ సాగుడు కనిపించింది. టెలిస్కోపులో బింబం కాస్త మసకబారడం, సూర్యుడి అంచు దగ్గర వెలుగు వేగంగా తగ్గిపోవడం, ఈ రెండూ కలిస్తే అలా కనిపిస్తుంది.

అంటే ఆయనైనా పొరబడి ఉండాలి, నేనైనా తప్పుగా గుర్తుపెట్టుకుని ఉండాలి. పిల్లల ముందు ఒక పెద్దమనిషి మీద తప్పు మోపే ముందు ఆధారం చూడాలని నా పట్టుదల.

ఆధారం మా ఇంట్లోనే ఉండాలి. నాన్న కంప్యూటర్‌కు టీవీ ట్యూనర్ కార్డు పెట్టి అప్పట్లో చాలా రికార్డు చేసేవారు. మొత్తం 612 ఫైళ్లు. పేర్లన్నీ "రికార్డ్" అన్న మాట, దాని పక్కన నాలుగంకెలు, అంతే. 2016లో పాత డిస్కు నుంచి వాటిని పోర్టబుల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేశాను. "వీనస్" అని వెతికితే ఏమీ రాలేదు. 2004 జూన్ అని తేదీ ఫిల్టరు పెడితే ఒక్క ఫైలూ రాలేదు, అన్నిటికీ 2016 అనే చూపిస్తోంది. యూట్యూబ్‌లో వెతికితే 2012 జూన్ నాటి శుక్రుడి దృశ్యాలే వరదలా వస్తున్నాయి. ఒక్కో ఫైలూ తెరిచి చూడటం మొదలుపెట్టి నలభై మూడో దాని దగ్గర ఆగిపోయాను. దారి చెప్పగలరా?

పాత డిస్కులు:

టీచర్ గారూ, ముందుగా ఒక మాట. ఆ ఫైళ్లలో దేన్నీ కత్తిరించడం, మళ్లీ సేవ్ చేయడం వంటివి చేయకండి. మీకు ఇప్పుడు కావలసింది ఫైలులోని బొమ్మ కాదు, ఫైలు మీద ఉన్న తేదీ.

మీరు చూసింది "క్రియేటెడ్" తేదీ అయి ఉంటుంది. విండోస్‌లో ఫైలును కొత్త డిస్కులోకి కాపీ చేస్తే, ఆ డిస్కులో అది పుట్టిన రోజుగా కాపీ చేసిన రోజే పడుతుంది. "మాడిఫైడ్" తేదీ మాత్రం పాతదే వస్తుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది కాని, పాత రికార్డింగులకు మాడిఫైడ్ తేదీయే అసలు జాతకం. రికార్డింగు ముగిసి, ఫైలు మూతపడిన క్షణం అది.

వెతుకు పెట్టెలో ఇలా రాయండి: డేట్‌మాడిఫైడ్, కోలన్, మొదటి తేదీ, రెండు చుక్కలు, చివరి తేదీ. (ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఆంగ్ల అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదలకుండా టైపు చేయాలి. మీ కంప్యూటర్‌లో తేదీ ఏ వరుసలో కనిపిస్తుందో అదే వరుసలో ఇవ్వాలి.) జూన్ 8 ఒక్కటే ఇవ్వకండి, 7 నుంచి 10 దాకా ఇవ్వండి. అర్ధరాత్రి దాటి ముగిసిన రికార్డింగుకు మరుసటి రోజు తేదీ పడుతుంది. దానికి కైండ్, కోలన్, వీడియో అని కూడా చేరిస్తే ఫొటోలు, ఉత్తరాలు పక్కకు తప్పుకుంటాయి.

పరిమాణం కూడా చూడండి. ఆ కాలపు ట్యూనర్ కార్డులు ఎక్కువగా ఎంపెగ్ 2 అనే వీడియో రూపంలో రికార్డు చేసేవి, మామూలు నాణ్యతలో గంటకు సుమారు 2 జీబీ. పాత డిస్కు ఫ్యాట్ 32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీకి చేరలేదు, కాబట్టి పొడవాటి ప్రసారం రెండేసి గంటల ముక్కలుగా తెగి ఉంటుంది. శుక్రుడు సూర్యుణ్ణి దాటడానికి ఆరు గంటలకు పైగా పట్టింది. 4 జీబీకి కాస్త తక్కువగా, అంకెల వరుసలో పక్కపక్కన ఉన్న రెండు మూడు ఫైళ్లు కనిపిస్తే అక్కడ ఆగి చూడండి.

తేదీలు పనికిరాకపోతే దిగులు పడకండి. అప్పటి కంప్యూటర్లలో బోర్డు మీది బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయేది. అప్పుడు మీ ఫైళ్ల అంకెలే ఆధారం. అవి రికార్డు చేసిన వరుసలోనే పడ్డాయి కదా? సరిగ్గా మధ్యది, 306వది తెరవండి. వార్తలో, ప్రకటనో చూస్తే అది 2004 జూన్‌కు ముందుదో తర్వాతిదో తెలుస్తుంది. ఒక సగం వదిలేయండి. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది తెరవండి. 612 ఫైళ్లకు పదిసార్లు తెరిస్తే చాలు. నలభై మూడు తెరిచారంటే బాధేసింది.

వెతుకులాట:

పై సలహాయే మొదట చేయండి. బయట కూడా వెతకాలనుకుంటే యూట్యూబ్ తేదీ ఫిల్టరును నమ్మకండి. అది ఎక్కించిన తేదీ, ప్రసారమైన తేదీ కాదు. యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో పడిందే 2005 ఏప్రిల్ 23న. 2004 అని తేదీ హద్దు పెడితే ఎప్పటికీ ఖాళీయే వస్తుంది. 2004 అన్న అంకెను శీర్షికలో మాటగా వెతకండి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి. 2012 ముందు మైనస్ గుర్తు పెట్టండి, ఖాళీ లేకుండా. ఆ వరద చాలావరకు తగ్గుతుంది.

ఎక్కించినవారు ఏ మాట వాడి ఉంటారో ఊహించడమే ఇందులో అసలు శ్రమ. "శుక్ర అంతర్యానం" అన్నారో, "శుక్ర గ్రహణం" అన్నారో, "వీనస్ ట్రాన్సిట్" అన్నారో. గూగుల్‌లో వీటిని ఒక్కొక్కటీ కొటేషన్లలో పెట్టి, మధ్యలో "ఆర్" అని పెద్ద అక్షరాల్లో రాయండి. ముందు సైట్, కోలన్, మీరు వెతకాలనుకునే వెబ్‌సైటు చిరునామా. ఆంగ్ల అక్షరాల్లో తెలుగు రాసేవారు ఎవరి పద్ధతిలో వారు రాస్తారు, దీర్ఘానికి ఒకరు రెండు "ఏ"లు పెడితే ఇంకొకరు ఒక్కటే పెడతారు. రెండు రకాలూ ప్రయత్నించండి.

పాత వీడియోలు, పుస్తకాలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పరిస్థితి మెరుగు. అక్కడ "డేట్" అంటే ఆ కార్యక్రమానికి ఎక్కించినవారు ఇచ్చిన తేదీ, "పబ్లిక్‌డేట్" అంటే సైటులోకి వచ్చిన తేదీ. రెండూ వేరు వేరుగా అడగవచ్చు. డేట్, కోలన్, చదరపు కుండలీకరణాల్లో మొదటి తేదీ, పెద్ద అక్షరాల్లో "టు", చివరి తేదీ. దానికి మీడియాటైప్, కోలన్, మూవీస్ చేర్చండి. టీవీ కార్యక్రమాలు కూడా ఆ పేరు కిందే ఉంటాయి. అదే సంస్థకు టీవీ వార్తల ఆర్కైవ్ ఉంది, తెర కింద వచ్చే క్యాప్షన్లలోని మాటలతో వెతకవచ్చు. చాలా గొప్ప పని. కాని ఆ వెతుకుడు 2009 నుంచి వచ్చిన ప్రసారాలకే, అందులోనూ ఎక్కువ భాగం అమెరికా ఛానళ్లే. మీ ఫోను కాల్ అక్కడ దొరకదు.

అక్షరాల వేట:

ఫైలు దొరికాక ఆ రెండు గంటల్లో మీ నిమిషాన్ని పట్టుకోవాలి కదా. దానికి రెండు దారులు.

ఒకటి ఆకాశం చెప్పేది. మీరు అడిగింది శుక్రుడు లోపలికి వచ్చేటప్పటి దృశ్యం గురించి. ఆ రోజు శుక్రుడు సూర్యుడి అంచును తాకింది అంతర్జాతీయ ప్రామాణిక సమయం 5:13కు, పూర్తిగా లోపలికి వచ్చింది 5:33కు. భూమి మీద ఎక్కడి నుంచి చూసినా ఏడు నిమిషాలకు మించి తేడా ఉండదు. తెర మూలన గడియారం ఉంటే దాన్నిబట్టి నేరుగా అక్కడికి వెళ్లండి.

రెండోది విస్పర్. 2022లో వచ్చిన ఈ సాధనం మాటలను అక్షరాలుగా మార్చి, ప్రతి వాక్యానికీ సమయం వేస్తుంది. మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. తెలుగులో తప్పులు చాలా చేస్తుంది, కాని వెతకడానికి తప్పుల్లేని వాక్యాలు అక్కర్లేదు. "శుక్ర" అని మాత్రం వెతకకండి. 612 ఫైళ్లనూ అక్షరాలుగా మార్చి ఆ ముక్కతో వెతికితే, ప్రతి వార్తలోనూ శుక్రవారం వచ్చి మీద పడుతుంది. నేను ఒక సారి వారం రోజులు అలా పోగొట్టుకున్నాను. "క్రుడ" అని వెతకండి. శుక్రుడు, శుక్రుడిని, శుక్రుడికి అన్నీ దొరుకుతాయి, సాధనం పొరపాటున సుక్రుడు అని రాసినా దొరుకుతుంది, శుక్రవారం రాదు. శుక్రుణ్ణి కోసం "క్రుణ" ఇంకొకసారి. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని వస్తుంది కాబట్టి, పూర్తి మాట మాత్రమే వెతకమనే గడిలో టిక్కు ఉంటే తప్పకుండా తీసేయండి.

ఫిజిక్స్ టీచరమ్మ:

దొరికింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, వరుసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మాడిఫైడ్ ఫిల్టరు పెట్టగానే 2004 జూన్ ఫైళ్లు రెండు వచ్చాయి, 0388, 0391. ఒకటి ముందు రాత్రి వార్తలు, రెండోది ఏదో సీరియల్. మనసు చివుక్కుమంది. అప్పుడు "అంకెల వరుసలో పక్కపక్కన" అన్న మాట గుర్తొచ్చింది. మరి 0389, 0390 ఏవి? ఫిల్టరు తీసేసి చూస్తే ఆ రెండిటికీ 2009 జూలై తేదీ ఉంది! నాన్నకు ఫోను చేసి అడిగాను. ఆ నెల సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు పాత ప్రసారం మళ్లీ చూద్దామని, మధ్యలో ప్రకటనలు కత్తిరించి సేవ్ చేశారట. పాత డిస్కులు గారు నన్ను చేయవద్దన్న పనే అది. ప్రకటనలు పోవడంతో మూలనున్న గడియారం అక్కడక్కడా గెంతుతోంది, కాని ప్రామాణిక సమయాన్ని మా సమయానికి మార్చుకుని వెళితే ఆరేడు నిమిషాల తేడాలో అక్కడికే చేరాను.

ఆ గొంతు నాదే అని నమ్మడానికి కాసేపు పట్టింది. ప్రశ్న నాకు గుర్తున్నట్టే ఉంది. జవాబు మాత్రం ఇది, మూడుసార్లు విని రాసుకున్నాను:

"శుక్రుడి వాతావరణం వల్లనమ్మా అని రెండు వందల ఏళ్ల పైగా చెప్పుకున్నారు. కాని వాతావరణం లేని బుధుడి దగ్గరా అదే కనిపించింది. మరి కారణం అక్కడ ఉందా, మన కంటికి ముందున్న అద్దంలో ఉందా? నువ్వు ఆలోచించి..."

అక్కడ లైను తెగింది. ఫోనులో మొదటి సగమే నాకు స్పష్టంగా వినబడి ఉండాలి. వెనక నుంచి అమ్మ "ఏమన్నారు, ఏమన్నారు" అని అడగడం కూడా ఈ రికార్డింగులో వినిపిస్తోంది.

సోమవారం ఆ అమ్మాయి ఉన్న తరగతిలో ఇది వినిపిస్తాను. పాత డిస్కులు గారూ, ఆ రెండు ఫైళ్లకూ ఇంకో కాపీ తీయాలి. తేదీలు చెదరకుండా ఎలా తీయాలో చెప్పండి.

పాత డిస్కులు:

మామూలు కాపీయే చాలు టీచర్ గారూ, మాడిఫైడ్ తేదీ అలాగే ఉంటుంది. కాని ఈసారి ఫైలు పేరులోనే 2004 06 08 అని, పక్కన శుక్ర అంతర్యానం అని రాసి పెట్టండి. ముందుగా సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే పేర్ల వరుస, తేదీల వరుస ఒకటే అవుతాయి. పాత పేరులోని 0389ని కూడా చివర ఉంచండి.