ఎయిర్ రైఫిల్ గురి చెదిరిపోతోంది, స్ప్రింగు మార్చాలా?

ప్రొద్దుటూరు నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్కారం. నాది 0.177 అంగుళాల బోరు ఎయిర్ రైఫిల్. బ్యారెల్ మడిచి, ఒక్కో పెల్లెట్ పెట్టి కొట్టే స్ప్రింగు రకం. కొని రెండేళ్లయింది. మొదట్లో 10 మీటర్ల నుంచి ఐదు షాట్లు కొడితే ఐదు చిల్లులనూ ఒక్క రూపాయి బిళ్ళతో మూసేయొచ్చు. సంక్రాంతికి ఆన్‌లైన్‌లో ఒక స్కోప్ తెప్పించి బిగించా. ఇప్పుడు టీ సాసరంత వెడల్పున పడుతున్నాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకు, ఒక వరుసంటూ లేదు. ముందుభాగం ఇసుక మూట మీద ఆనించి, గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి కొట్టినా అంతే. లోపల ఎండిపోయిందేమోనని నాలుగు చుక్కలు కుట్టు మిషన్ నూనె కూడా వేశా. రిపేరు చేసే ఆయన స్ప్రింగు, సీలు (పిస్టన్ పక్కల నుంచి గాలి పోకుండా ఆపేది) రెండూ మార్చాలి, పద్దెనిమిది వందలవుతుందన్నాడు. మార్చమంటారా? పెరట్లో బండల గోడకు అట్ట తగిలించి కొడుతుంటాను.

అనంతపురం:
స్ప్రింగు సంగతి తర్వాత, ముందు ఆ గోడ సంగతి చూడు తమ్ముడూ. కడప బండకు సీసం పెల్లెట్ తగిలితే చదునైపోయి వెనక్కి ఎగిరొస్తుంది. నీ కన్ను అక్కడికి 10 మీటర్లలోనే ఉంది. అట్టపెట్టెలో పాత బట్టలు, పేపర్లు బాగా కూరి, వెనకాల ఇసుక మూట పెట్టు. కళ్ళద్దాలు లేకుండా కొట్టొద్దు.

ఇక రైఫిల్. స్ప్రింగు నీరసపడితే మామూలుగా షాట్లన్నీ కిందికి దిగుతాయి, ఇలా నలుదిక్కులా చెదరవు. కాబట్టి డబ్బు జేబులోనే ఉంచుకో. లోపల పెల్లెట్ లేదని చూసుకుని, స్క్రూడ్రైవర్ తీసుకో. కట్టె ముందు భాగంలో అటొకటి ఇటొకటి స్క్రూలుంటాయి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. ఈ రకం తుపాకీలో ప్రతి షాట్‌కీ లోపల పిస్టన్ దబ్బున కొట్టుకుంటుంది. ఆ అదురుకు స్క్రూలు వాటంతటవే వదులవుతాయి. ఒక్కోటి పూర్తిగా ఊడదీసి, నూనె తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించు. ఎరుపుది వద్దు, మళ్ళీ ఊడిరాదు. మరీ బిగిస్తే కట్టె పగులుతుంది, అదీ చూసుకో.

తర్వాత స్కోప్ తీసి పక్కన పెట్టి, రైఫిల్‌తో వచ్చిన ఇనుప సైట్లతోనే ఐదు షాట్లు కొట్టు. అవి ఒక్కచోట పడితే దొంగ దొరికినట్టే.

ప్రొద్దుటూరు:
అన్నా, ఎడమవైపు ముందు స్క్రూ ఒకటిన్నర చుట్టు తిరిగింది! కుడివైపుది కూడా కాస్త వదులే. బిగించి ఇనుప సైట్లతో కొడితే అగ్గిపెట్టె వెడల్పులోకి వచ్చాయి. ఇంకా పాత రోజుల్లా రూపాయి బిళ్ళలోకి మాత్రం రాలేదు. కొట్టినప్పుడల్లా బ్యారెల్ నుంచి పొగ వస్తోంది, శబ్దం కూడా పెద్దగా ఉంది. పవర్ పెరిగినట్టుంది, మంచిదే కదా?

తాడిపత్రి:
మంచిది కాదప్పా, అదే నీ నూనె. ఎక్కడ వేశావు, బ్యారెల్ మడిచినప్పుడు వెనక కనిపించే చిన్న రంధ్రంలోనా?

ప్రొద్దుటూరు:
అవునన్నా, అక్కడే.

తాడిపత్రి:
గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో జరిగేది ఇదే. ఒక షాట్‌కు ఎక్కువ మండుతుంది, ఇంకోదానికి తక్కువ. వేగం ప్రతిసారీ మారితే ఒకటి పైకి, ఒకటి కిందికి పడక ఏమవుతుంది? పైగా సీలు కాలుతుంది, స్ప్రింగు కూడా దెబ్బతింటుంది. రిపేరు ఆయన చెప్పిన ఖర్చు నిజంగానే నీ నెత్తిన పడుతుంది. ఆ రంధ్రంలో ఇక చుక్క కూడా వేయొద్దు. కొట్టే కొద్దీ పొగ దానంతటదే తగ్గుతుంది. నూనె కావాల్సింది బ్యారెల్ మడత పడే కీలు దగ్గర, అదీ అగ్గిపుల్ల కొసతో అంటించినంత.

కర్నూలు:
మీ ఇద్దరూ అసలుది వదిలేశారు. ఇసుక మూట మీద ఆనించి గట్టిగా పట్టుకున్నానన్నాడు కదా, సగం రోగం అక్కడే ఉంది. స్ప్రింగు రైఫిల్ తన్నుడు వేరు. పిస్టన్ ముందుకు దూకుతుంటే తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరకు వెళ్లి గాలి దిండుకు గుద్దుకోగానే ముందుకు కుదుపుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటక ముందే ఈ కదలిక మొదలవుతుంది. మనం గట్టిగా పట్టుకుంటే ఆ కదలిక ఒక్కోసారి ఒక్కోవైపు తిరుగుతుంది. వదులుగా ఉంచితే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. మనకు కావాల్సింది అది కదలకుండా ఉండటం కాదు, ఒకేలా కదలటం.

ఎడమ అరచేయి తెరిచి, ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు రైఫిల్‌ను దాని మీద ఊరికే పడుకోబెట్టు. వేళ్లు ముడవొద్దు. మూట కావాలంటే చేతి కింద పెట్టుకో, తుపాకీ కింద కాదు. భుజానికి తాకీ తాకనట్టు ఉండాలి. చెయ్యి ఆనిన చోట కట్టె మీద చాక్‌పీస్‌తో చిన్న గీత పెట్టుకో, ప్రతిసారీ అక్కడే ఆనించు. నేను ఇది నేర్చుకోవడానికి ఒక వేసవంతా పట్టింది. అప్పటిదాకా నా రైఫిల్‌ను అందరి ముందూ తిట్టేవాణ్ణి.

అనంతపురం:
కర్నూలు అన్న చెప్పింది ఒప్పుకుంటా. స్కోప్ మాట కూడా అక్కడే ఉంది. మామూలు స్కోపులు వెనక్కి తన్నే తుపాకుల కోసం చేస్తారు. ఈ ముందు కుదుపుకు లోపలి గీతల చట్రం వదులైపోతుంది. ఎయిర్ రైఫిల్‌కని చేసినదే కొనాలి. మామూలు స్కోపుల ఫోకస్ 100 గజాలకు సరిచేసి ఉంటుంది కాబట్టి 10 మీటర్ల దగ్గర బొమ్మ మసకగా ఉంటుంది, కన్ను కాస్త జరిగితే గీత కూడా జరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో చిన్న పరీక్ష: స్కోప్ మళ్ళీ బిగించి, దాన్ని పట్టి ఉంచే క్లాంపు వెనక అంచుకు ఆనించి, రైలు (రైఫిల్ మీద స్కోప్ బిగించే పట్టీ) మీద పెన్సిల్ గీత గీయి. ఇరవై షాట్లు కొట్టి చూడు.

పెల్లెట్లు ఏవి వాడుతున్నావు?

ప్రొద్దుటూరు:
షాపులో కవర్లో విడిగా పోసి ఇస్తారు, అవే.

అనంతపురం:
ఒక గుప్పెడు తెల్లకాగితం మీద పరిచి, వెనక పావడాలాంటి అంచు చూడు. సొట్ట పడినవి ఎన్నున్నాయో లెక్కపెట్టు, నీకే నవ్వొస్తుంది. డబ్బాలో వచ్చేవి రెండు మూడు రకాలు తీసుకో, 7 నుంచి 8.5 గ్రెయిన్ల బరువు చాలు (8 గ్రెయిన్లంటే సుమారు అర గ్రాము). కొన్ని డబ్బాల మీద తల సైజు కూడా ఉంటుంది, 4.50, 4.51, 4.52 మిల్లీమీటర్లు అని. బొటనవేలితో నొక్కితే వదులుగా జారిపోకూడదు, మరీ బిగుతుగానూ ఉండకూడదు. ఏ రకం నచ్చుతుందో ఆ బ్యారెలే చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండుంటే రెండింటికీ వేర్వేరు పెల్లెట్లు నచ్చడం నేనే చూశా.

ఆదోని:
మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా శనక్కాయ చేలో అడవి పందుల బాధ ఎక్కువగా ఉంది. గట్టి స్ప్రింగు వేయించి పవర్ పెంచితే పనికొస్తుందా?

తాడిపత్రి:
వద్దు సార్. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, ఆ సంగతి అటవీ శాఖ వాళ్ళతో మాట్లాడండి. ఈ పెల్లెట్‌తో పంది చావదు, గాయంతో తిరుగుతుంది. పవర్ 20 జౌల్స్ దాటినా, బోరు 0.177 దాటినా 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ ఉండాలి. పైగా స్ప్రింగు గట్టిదైతే తన్నుడు పెరుగుతుంది, గురి ఇంకా చెడుతుంది.

కర్నూలు:
ప్రొద్దుటూరు తమ్ముడూ, ఇంకొక్కటి చూడు. బ్యారెల్ మూసి ఉన్నప్పుడు కొస పట్టుకుని పక్కలకు ఊపు. టక్ టక్ అంటే కీలు బోల్టు బిగించాలి. బ్యారెల్ మూసే చోట పైన పల్చటి టిష్యూ పేపర్ ముక్క వేసి, పెల్లెట్ పెట్టి కొట్టు. ముక్క ఎగిరితే అక్కడి రబ్బరు రింగు పోయినట్టు, అది చవక వస్తువే. బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ మాత్రం ఎప్పుడూ నొక్కొద్దు. బ్యారెల్ విసురుగా మూసుకుని వంగిపోతుంది, మధ్యలో వేలుంటే వేలూ పోతుంది. ఇవన్నీ ఒకే రోజు చెయ్యకు. ఒకటి మార్చు, ఐదు కొట్టు, అట్ట మీద తేదీ రాసుకో.

ప్రొద్దుటూరు (తొమ్మిది రోజుల తర్వాత):
అన్నలూ, పెన్సిల్ గీతకూ క్లాంపుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వచ్చింది! ఇరవై షాట్లకే స్కోప్ వెనక్కి నడిచింది. తీసి పెట్టెలో పడేశా. కీలు గట్టిగానే ఉంది, టిష్యూ కదల్లేదు. కవర్ పెల్లెట్లలో నలభైకి పదకొండు సొట్టవే. డబ్బావి మూడు రకాలు కొన్నా, గుండ్రటి తల ఉన్న రకం బాగుంది. అరచేయి తెరిచి పట్టుకోవడం మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉండింది, తుపాకీ జారి పడుతుందేమోనని భయం. నిన్న సాయంత్రం ఐదుకు నాలుగు రూపాయి బిళ్ళలోకి వచ్చాయి. ఐదోది నేనే ట్రిగ్గర్ గుంజేశా.

ఒక్క సందేహం మిగిలింది. ఈ పొద్దున బ్యారెల్‌ను చేపల గాలపు దారానికి గుడ్డముక్క కట్టి వెనక నుంచి లాగి శుభ్రం చేశా. ఆ తర్వాత మొదటి షాట్లన్నీ ఎడమకు పోయాయి. మళ్ళీ ఏదో చెడగొట్టానా?

తాడిపత్రి:
ఏం చెడలేదు. తుడిచిన బ్యారెల్ గాడుల్లో మళ్ళీ సీసం పల్చగా పట్టేదాకా అలాగే ఉంటుంది. ఇంకో పది పదిహేను కొట్టి అప్పుడు చెప్పు.