శుక్రవారం అనుకుంటే శనివారం పొద్దున్నే బయల్దేరగలరా? క్యాంపింగ్ సామాను సర్దడానికి మీకెంత టైం పడుతుంది?

మియాపూర్_వాసి:
మేం ముగ్గురం, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు. టెంట్ ఉంది, చాపలున్నాయి, చిన్న గ్యాస్ స్టవ్ ఉంది, కారుంది. అయినా శనివారం ఆరింటికి బయల్దేరదాం అనుకుంటే గేటు దాటేసరికి పదకొండవుతోంది. అనంతగిరి లాంటి దగ్గరి చోటుకైతే ఏదోలా నెట్టుకొస్తున్నాం కానీ ఈసారి గండికోట అనుకుంటున్నాం, అంత దూరానికి ఈ లెక్క కుదరదు. ఆఫీసులో ఒకాయన మాకు అరగంట చాలంటాడు, ఆయన బ్యాచిలర్ కాబట్టి ఆ మాట పక్కన పెట్టేశా. పిల్లలున్న ఇంట్లో నిజంగా గంటలోపు బయల్దేరేవాళ్లుంటే ఎలాగో చెప్పండి. లిస్టులు మాత్రం వద్దు. నెట్‌లో బోలెడున్నాయి, అవి చదివితే ఇంకో నాలుగు వస్తువులు కొనాలనిపిస్తోంది తప్ప టైం తగ్గట్లేదు.

అటక_పెట్టె:
ఉన్నామండీ. మేం నలుగురం, ముప్పావుగంట, డిక్కీలో పెట్టడంతో కలిపి. సర్దడానికి టైం పట్టదు, వెతకడానికి పడుతుంది. టెంట్ అటక మీద, టార్చ్ టీవీ కింద సొరుగులో, లైటర్ వంటింట్లో, తాడు బాల్కనీలో ఎక్కడో, ఇవన్నీ ఒకచోటికి చేర్చేసరికే ఎండెక్కుతుంది. మూతున్న పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని క్యాంపింగ్ సామానంతా అందులో పడేయండి. ఇంట్లో ఇంకే పనికీ అందులోంచి ఏదీ తీయకూడదు, కరెంటు పోయినా సరే ఆ టార్చ్ ముట్టుకోవద్దు. వంటింట్లోంచి తీసుకెళ్లి మళ్లీ తెచ్చి పెట్టే అలవాటు కూడా మానేయాలి. పాత గిన్నెలు రెండు, గరిటె, చాకు, అగ్గిపెట్టె, చిన్న సీసాల్లో ఉప్పూ కారం, అన్నీ ఆ పెట్టెలోనే కాపురం ఉండాలి.

అసలు పని వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చాక. ఆదివారం రాత్రి అలసిపోయి వచ్చి అంతా మూలన పడేస్తే తర్వాతిసారి మళ్లీ మొదటికే. టెంట్ పొడిగా కనిపించినా అడుగున చెమ్మ ఉంటుంది, రాత్రంతా మన ఊపిరి ఆవిరి లోపలి గుడ్డకు పట్టి ఉంటుంది, అలాగే మడిచిపెడితే బూజు పట్టి ఆ వాసన ఇక వదలదు. బాల్కనీలో నీడపట్టున బాగా ఆరాకే మడవండి. టార్చ్‌లో సెల్స్ తీసి విడిగా పెట్టండి, అవి కారితే టార్చ్ కూడా పోతుంది. స్లీపింగ్ బ్యాగులు మాత్రం ఆ పెట్టెలో కుక్కొద్దు, నెలల తరబడి నొక్కి ఉంచితే లోపల ఉబ్బు తగ్గిపోయి వెచ్చదనం ఉండదు, పెద్ద గుడ్డసంచిలో వదులుగా వేసి బీరువా మీద పెట్టుకోండి. ఇక మందులు, కళ్లద్దాలు, పవర్‌బ్యాంక్ లాంటివి చివరి నిమిషంలోనే పెట్టుకోగలం కాబట్టి అవి ఓ కాగితం మీద రాసి మూత లోపల అతికించండి. మీరు లిస్టు వద్దన్నారు కానీ ఈ ఒక్కటీ తప్పదు :)

పెన్నా_గాలి:
మాది జమ్మలమడుగు అన్నా. గండికోటకు అంత సామాను ఎందుకు? టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు అక్కడే ఉన్నారు, ముందే చెబితే భోజనం కూడా చేసి పెడతారు. ఒక బట్టల బ్యాగు వేసుకుని వచ్చేయొచ్చు. లేదు, సొంత టెంటే వేస్తామంటారా, లోయ వైపు నేలంతా రాయి, మేకులు దిగవు. బండరాళ్లకు కట్టుకోవాలి, కాబట్టి తాడు ఎక్కువ తెచ్చుకోండి. కోతులున్నాయి, తినేవి బయట వదలొద్దు.

ఇంకోటి. తొందరగా బయల్దేరాలన్న ఊపులో శుక్రవారం రాత్రే కారెక్కొద్దు. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా హైవే బాగుంటుంది, అక్కడి నుంచి బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా రావాలి, మధ్యలో ఆగడాలతో కలిపి ఏడెనిమిది గంటలు వేసుకోండి. రాత్రి పదికి బయల్దేరితే చీకట్లోనే దిగుతారు. ఆ అంచుకు చాలాచోట్ల రెయిలింగ్ లేదు, కింద పెన్నా దాకా నిలువునా రాయే, పిల్లోణ్ణి పెట్టుకుని ఆ చీకట్లో టెంట్ వేసుకునే అవసరం ఏమొచ్చింది? శనివారం ఐదింటికి బయల్దేరినా మధ్యాహ్నానికి వస్తారు. మాధవరాయ గుడి, జామా మసీదు, దాని పక్కన ధాన్యాగారం చూసుకుని పొద్దుగూకే లోపు టెంట్ వేసుకోవచ్చు.

పోపులపెట్టె:
అందరూ టెంట్ గురించే రాస్తున్నారు. మియాపూర్ అన్నయ్యా, ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. ఆరింటికి బయల్దేరదాం అని మీరన్నప్పుడు దారిలోకి పులిహోర కలపడం, బాబును లేపి తయారుచేయడం, గిన్నెలు తోమడం, గ్యాస్ కట్టేసి కిటికీలు వేసి తాళం పెట్టడం ఎవరి పని? టెంట్ డిక్కీలో పడేసి హారన్ కొడుతూ కూర్చుంటే పదకొండు కాక ఏమవుతుంది?

మా ఇంట్లో కూడా ఇదే గొడవ ఉండేది, ఇప్పుడు వంట పనిని ముందుకు జరిపేశా. చింతపండు గుజ్జును పోపుతో కలిపి నూనె తేలేదాకా ఉడికించి గురువారమే ఫ్రిజ్‌లో పెట్టేస్తా, శనివారం పొద్దున అన్నం వండి కలపడమే. అక్కడ టిఫిన్‌కు ఉప్మా. రవ్వ దోరగా వేయించి, ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు కరకరలాడేలా పోపు వేసి, ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోస్తా. ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేయకూడదు, తడికి పాడవుతుంది. అక్కడ కప్పు రవ్వకు రెండున్నర కప్పుల నీళ్లు మరిగించి పోసేస్తే చాలు, కూరగాయలు తరిగే పనే లేదు. కందిపొడి, నెయ్యి ఎలాగూ ఉంటాయి. బాబుకు ఎనిమిదేళ్లంటున్నారు కదా, వాడి బట్టలు వాణ్ణే సర్దుకోనివ్వండి, మీరు బ్యాగు ఓసారి చూస్తే చాలు.

ఫ్రీమాంట్_పక్షి:
కాలిఫోర్నియాలో మాకిది సరదా కాదు, అవసరం. యోసెమిటీ నేషనల్ పార్క్ లాంటి చోట్ల టెంట్ వేసుకునే సైట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతాయి. ముందుగా ప్లాన్ చేసుకోలేని మాలాంటివాళ్లకు దొరికేదల్లా ఎవరో చివర్లో క్యాన్సిల్ చేసుకున్నదే, అది కనబడగానే బుక్ చేసి మర్నాడు మధ్యాహ్నానికి బండెక్కగలగాలి. అటక_పెట్టె గారు చెప్పిన పెట్టె లేకపోతే అసలు కుదరదు. దానికి తోడు అక్కడ ఎలుగుబంట్ల వల్ల వాసన వచ్చేదేదీ రాత్రిపూట టెంట్‌లో, కారులో ఉంచకూడదు, సైట్‌లో ఉండే ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాలి. తిండే కాదు, టూత్‌పేస్ట్, సబ్బు, లోషన్ కూడా. అందుకే అవన్నీ మొదటినుంచీ ఒకే సంచిలో సర్దుతాం, ఆవకాయ సీసాతో సహా. కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్లం. వాటితో పాటు చెట్లను తినే పురుగులు కొత్తచోటికి చేరతాయని, కాల్చేచోటి దగ్గరే కొనమంటారు.

చింతపల్లి_చలి:
లంబసింగి, వంజంగి వైపు డిసెంబరు, జనవరిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. చిన్న స్టవ్‌లకు వాడే గ్యాస్ డబ్బాల్లో చాలావరకు ద్రవంగా మారిన బ్యూటేన్ గ్యాసే ఉంటుంది, అది మరిగేదే దాదాపు సున్నా డిగ్రీల దగ్గర, కాబట్టి తెల్లవారుజామున ఆ చలికి మంట పేలవంగా వస్తుంది, స్టవ్ పాడైందనుకుంటారు. డబ్బాను రాత్రి దుప్పట్లో పెట్టుకోండి, మంట దగ్గర వేడిచేయడం లాంటివి వద్దు. కారు లేనివాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, రైల్లో ఆ డబ్బా తీసుకెళ్లకూడదు. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద కేసు పెడితే మూడేళ్ల దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు.

మియాపూర్_వాసి:
పోపులపెట్టె గారూ, మీ మెసేజ్ మా ఆవిడ చదివింది. ఇప్పుడు ఈ థ్రెడ్‌ను నాకంటే ఆవిడే ఎక్కువ ఫాలో అవుతోంది, పులిహోర గుజ్జు చేసే పని నాకు పడింది. శనివారం ఐదింటికే అనుకుంటున్నాం, టెంట్ మాదే తీసుకెళ్తాం, తాడు కొన్నా. చింతపల్లి గారూ, సగం వాడిన గ్యాస్ డబ్బా ఆ పెట్టెలోనే పెట్టి అటక మీద ఉంచొచ్చా?

చింతపల్లి_చలి:
వద్దండీ. మీ అటక రేకుల కింద ఉంటే వేసవిలో కాలిపోతుంది, డబ్బా మీదే 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది చూడండి. స్టవ్ నుంచి ఊడదీసి, మూత పెట్టి, పొయ్యికి దూరంగా గాలి ఆడే చోట పెట్టుకోండి. ఎండలో ఆపిన కారులో అసలే వదలొద్దు. మూతకు అతికించే కాగితంలో దాని పేరు కూడా రాయండి, లేకపోతే స్టవ్ వెళ్తుంది, గ్యాస్ ఇంట్లోనే ఉంటుంది.