సొంతానికి వాడుకున్న వస్తువు అమ్మినవాడి మీద వినియోగదారుల కేసు నిలుస్తుందా?

బాటసారి: ప్రకటన చూసి ఒకాయన దగ్గర వాడిన లాప్‌టాప్ కొన్నాను. 'ఇంతవరకూ రిపేరు రాలేదు' అని రాశాడు. పది రోజులకే ఆగిపోయింది. మెకానిక్ వెనక మూత తీస్తే, లోపల తెల్లగా ఉండాల్సిన చిన్న స్టిక్కర్ ఎర్రగా మారి ఉంది. అంటే తడి తగిలిందట. రెండు స్క్రూలు కూడా వేరే రకానివి. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

నిక్కచ్చి: వెళ్లినా నిలవదండి. వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం చేసేవాళ్ల మీద. ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించిన 2020 ఈ-కామర్స్ నియమాల్లో అయితే స్పష్టంగానే ఉంది: ఒక వ్యక్తి తన సొంత హోదాలో చేసిన పని, క్రమం తప్పకుండా చేసే వ్యాపారంలో భాగం కాకపోతే, వాటి కిందికి రాదు.

తులసివనం: 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) చదవండి. డబ్బిచ్చి సొంతానికి కొన్నవాడు వినియోగదారుడు. షాపులోనే కొనాలని ఎక్కడుంది? బాటసారి గారు డబ్బిచ్చారా లేదా?

నిక్కచ్చి: ఇచ్చారు. ఆయన వినియోగదారుడు కాదని నేననలేదు. ఫిర్యాదు ఎవరి మీద అన్నదే నా ప్రశ్న. అదే చట్టంలో 'ప్రోడక్ట్ సెల్లర్' అంటే వ్యాపారంలో భాగంగా అమ్మేవాడు.

తులసివనం: 'ట్రేడర్' నిర్వచనంలో ఆ మాట లేదు కదా! వస్తువులు అమ్మే వ్యక్తి అనే ఉంది. మీకు కావలసిన నిర్వచనమే చూపిస్తారా?

వెన్నెల22: లాప్‌టాప్ అమ్మినాయన ఖాతాలో ఇంకా ఏమేం అమ్మకానికి పెట్టాడో చూడండి.

నిక్కచ్చి: ఈ పట్టుదల వల్ల ఏమవుతుందో నాకు తెలుసు. నా పాత స్కూటర్ అమ్మాను. కొన్నాయన ఆయిల్ మార్చకుండా రెండు నెలలు తిప్పి, ఇంజన్ పట్టేశాక రోజూ ఫోన్ చేసి కేసు పెడతానన్నాడు. ఫోన్ మోగితే చాలు, మా ఆవిడకు టెన్షన్. ఇంట్లో వస్తువు అమ్ముకున్న పాపానికి జీవితాంతం గ్యారంటీ ఇవ్వాలా?

తులసివనం: గ్యారంటీ ఎవరడిగారు? మా అమ్మ ఇన్సులిన్ పెట్టుకోవడానికి పాత ఫ్రిజ్ కొన్నాం. మూడో రోజుకే చల్లదనం పోయింది. కంప్రెసర్ లోపం సంగతి తెలిసే అమ్మానని అమ్మినావిడే ఒప్పుకుంది. 'మీరు అడగలేదు కదా' అంది. తెలిసిన లోపం చెప్పకపోవడం మోసం కాదా? సూటిగా చెప్పండి.

నిక్కచ్చి: అడగకపోతే సాధారణంగా కాదు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17లో ఉదాహరణే ఉంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ యజమాని ఏమీ మాట్లాడకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదు. అడగాల్సింది కొనేవాడే.

తులసివనం: అదే నాకు కడుపు మండేది! చల్లబడని ఫ్రిజ్ అని తెలిసి ఇన్సులిన్ ఉన్న ఇంటికి పంపడం తప్పని చట్టం చెప్పకపోతే, మార్చాల్సింది చట్టాన్ని.

నిక్కచ్చి: అలా మారిస్తే నాలాంటివాళ్లు పాత సామాను అమ్మరు, పారేస్తారు. ఆవిడ చేసింది మంచి పని అని నేననను. దాన్ని కోర్టు దాకా లాగడమే నాకు ఇష్టం లేదు. కానీ బాటసారి గారి సంగతి మౌనం కాదు. రిపేరు రాలేదని రాసి మరీ అమ్మాడు. తెలిసి రాసిన అబద్ధమైతే అది సెక్షన్ 17 ప్రకారం మోసమే. 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం వర్ణన చూసి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి, అమ్మింది ఎవరైనా సరే. ముందు నోటీసు ఇవ్వండి, కదలకపోతే సివిల్ కోర్టు.

తులసివనం: మొదటి జవాబులోనే ఈ మాట చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

బాటసారి: ప్రకటన తీసేశాడు. చాట్ మాత్రం ఉంది. 'ఎప్పుడైనా తెరిచారా?' అని అడిగితే 'లేదండి' అన్నాడు. వెన్నెల గారూ, ఖాతా చూశాను. ఇంకో మూడు లాప్‌టాప్‌లున్నాయి, మూడింటికీ 'సొంత వాడకం' అనే రాశాడు. అన్నీ స్క్రీన్‌షాట్ తీస్తున్నాను.