యూకేలో యాక్సిడెంట్ క్లెయిమ్‌కి సొలిసిటర్‌ని (లాయర్‌ని) ఎలా ఎంచుకోవాలి? ప్లీజ్ హెల్ప్

అందరికీ నమస్తే. మా తమ్ముడు లెస్టర్‌లో ఎంఎస్సీ చదువుతున్నాడు, జీబ్రా క్రాసింగ్ మీద రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసింది, కాలు విరిగి రాడ్ వేశారు. చదువు ఆగింది, పార్ట్‌టైమ్ పని పోయింది, ఇక్కడ గుంటూరులో అమ్మ ఒకటే ఏడుపు.

క్లెయిమ్ వేద్దామంటే కోర్టుకెళ్లడానికి మామూలుగా 3 ఏళ్ల టైమ్ ఉంటుంది కానీ వాడి వీసా అంతకంటే ముందే అయిపోతుంది. ఇండియా వచ్చేశాక కూడా సొలిసిటర్ కేసు నడుపుతారా, మెడికల్ రిపోర్ట్ కోసం మళ్లీ అక్కడికి వెళ్లాలా? నా పెద్ద టెన్షన్ ఇదే.

ఇద్దరు సొలిసిటర్లతో మాట్లాడాడు, ఇద్దరూ నో విన్ నో ఫీ (ఓడితే ఫీజు లేదు) అనే అంటున్నారు. గెలిస్తే సక్సెస్ ఫీ 25 శాతం దాటకూడదు, అది కూడా నొప్పికి, ఇప్పటిదాకా అయిన నష్టానికి వచ్చే డబ్బులోంచే తీసుకోవాలి, ముందు ముందు నష్టానికి ఇచ్చేది ముట్టుకోకూడదు, ఇంతవరకు అర్థమైంది. కానీ వాళ్లలో ఒకాయన ఏటీఈ ఇన్సూరెన్స్ (కేసు ఓడితే మీద పడే ఖర్చులకు చేసే బీమా) ప్రీమియం కూడా విడిగా కట్ అవుతుందన్నాడు. మీకెవరికైనా అలా కట్ అయిందా, మొత్తం పోగా చేతికి ఎంతొచ్చింది?

ఎస్ఆర్ఏ (సొలిసిటర్లను నియంత్రించే సంస్థ) రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) ఇచ్చే పర్సనల్ ఇంజురీ అక్రిడిటేషన్ (గాయాల కేసుల్లో నైపుణ్యానికి గుర్తింపు) మాత్రం ఒకరికే ఉంది, అది చూసి డిసైడ్ అవ్వొచ్చా? అవతలి ఇన్సూరెన్స్ వాళ్లేమో త్వరగా సెటిల్ చేసుకోమంటున్నారు, కాలు పూర్తిగా నయమయ్యేదాకా దేని మీదా సంతకం పెట్టొద్దని వాడికి గట్టిగా చెప్పా. అక్కడ కేసు నడిపించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.