బ్లూస్ వినాలంటే మెంఫిస్‌లో ఆగాలా, క్లార్క్స్‌డేల్ దాకా పోవాలా?

నదివెంట: సెయింట్ లూయిస్ నుంచి మిసిసిపీ నది వెంబడి కారులో దక్షిణానికి వెళ్తున్నాం. బ్లూస్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతానికి మిగిలింది శనివారం రాత్రి ఒక్కటే. మెంఫిస్‌లోని బీల్ స్ట్రీట్ ఉత్త పర్యాటకుల సంత అనీ, అసలు బ్లూస్ మిసిసిపీ రాష్ట్రంలోని చిన్న ఊరు క్లార్క్స్‌డేల్‌లోనే మిగిలిందనీ మిత్రుడి వాదన. నిజమేనా?

డెల్టాప్రియ: మీ మిత్రుడి మాటే నాదీ. పట్టణ పునర్నిర్మాణం పేరిట బీల్ స్ట్రీట్ చుట్టూ నల్లజాతివారి ఇళ్లూ దుకాణాలూ కూల్చేశారు. 1983లో మళ్లీ తెరిచేనాటికి వీధి ఉంది, పేట లేదు. అదే క్లార్క్స్‌డేల్‌లో రెడ్స్ లౌంజ్‌కు వెళ్లండి. వేదిక అంటూ ఉండదు. ఎర్ర దీపాల కింద, నేల మీద పరిచిన తివాచీ మీదే వాయిస్తారు. ముందు కూర్చుంటే గిటారు వాయించేవాడి బూటు మన కాలికి తగిలేంత దగ్గర.

పాతరికార్డు: కూల్చివేత మాట కాదనను. కానీ డబ్బు కోసం పాడితే అసలుది కాదన్నట్టు మాట్లాడటం నాకు మింగుడుపడదు. బ్లూస్ స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో అచ్చువేసిన ‘మెంఫిస్ బ్లూస్’ ఎలా పుట్టింది? 1909 మేయర్ ఎన్నికల్లో క్రంప్ అనే అభ్యర్థి ప్రచారానికి కట్టిన బాణీ అని హ్యాండీయే చెప్పుకున్నాడు. అంటే ఎన్నికల పాట!

ఇక క్లార్క్స్‌డేల్ సంగతి. ఆ పక్కనే పెరిగిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లోనే షికాగో వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది క్లార్క్స్‌డేల్ పక్కనే హాప్సన్ తోటలో నాటడం నుంచి ఏరడం దాకా పత్తి పంటంతా యంత్రాలతోనే తీశారు. కూలి పోయింది, కూలీలూ పోయారు. ఆ జనం ఉత్తరాదికి తరలిపోయాక ఇప్పుడు శనివారం రాత్రి కుర్చీలు నింపుతున్నది ఎవరు? మీరూ నేనూ. గ్రౌండ్ జీరో బ్లూస్ క్లబ్ తెరిచింది 2001లో, యజమానుల్లో ఒకరు సినీ నటుడు మోర్గన్ ఫ్రీమన్. అది సంత కాదా?

డెల్టాప్రియ: గ్రౌండ్ జీరోను నేను వెనకేసుకు రాలేదు గదండీ. నా బాధ వేరు. బీల్ స్ట్రీట్‌లో తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి, మూడు బృందాల మోత ఒకేసారి చెవిన పడుతుంది. బ్లూస్‌లో ఒక పాదం పాడి, దాన్నే తిప్పి పాడి, మూడో పాదంలో విసురు విసురుతారు. ఆ మూడోది వినపడకపోతే మీరు విన్నది వట్టి చప్పుడు.

పాతరికార్డు: ఇది ఒప్పుకుంటాను. అయితే అది సందడి మీద ఫిర్యాదు, పాటగాడి మీద కాదు. వీధి మొగలో కాక, లోపలికి వెళ్లి మొదటి బల్ల దగ్గర కూర్చోండి. పాటగాళ్ల బకెట్‌లో నోటు వేయడం మరవకండి.

నదివెంట: మాతో పందొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. రానిస్తారా?

ఇద్దరుపిల్లలనాన్న: ఇది ముందే చెప్పాల్సింది! రాత్రిపూట చాలా క్లబ్బుల్లో 21 నిండాలి. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోను చేసి కనుక్కోండి. పగలైతే బీల్ స్ట్రీట్‌లోనే ఆరుబయట హ్యాండీ పార్కు ఉంది, క్లార్క్స్‌డేల్‌లో డెల్టా బ్లూస్ మ్యూజియం ఉంది. మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క ఇంటిని అందులోనే నిలబెట్టారు. మెంఫిస్ నుంచి అక్కడికి 61వ నంబరు రహదారి మీద సుమారు 75 మైళ్లు. ఏప్రిల్‌లో జూక్ జాయింట్ ఫెస్టివల్ రోజులైతే మాత్రం గది ముందే పట్టుకోండి.