ఆర్గ్ మోడ్: నాలుగు స్టార్ల హెడ్డింగ్ పీడీఎఫ్‌లో లిస్టుగా మారిపోతోంది

ప్రశ్న:
ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో సర్వర్ మాన్యువల్ రాస్తున్నాను. ఇందులో లైన్ మొదట్లో ఎన్ని స్టార్లు (*) పెడితే హెడ్డింగ్ అంత లోపలిది. మూడు స్టార్ల దాకా పేచీ లేదు. నాలుగు స్టార్లతో "బ్యాకప్ తీసే ముందు" అని పెట్టి పీడీఎఫ్ చేస్తే, అది హెడ్డింగ్‌గా రాకుండా "1." అంటూ లిస్టులో పాయింటై కూర్చుంది. దాని కిందున్న టేబుల్ కూడా కుడికి జరిగి మార్జిన్ దాటేసింది. స్టార్ల తర్వాత ఖాళీ ఉందో లేదో పదిసార్లు చూశాను, ఉంది. రేపే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మీ ఫైల్‌లో తప్పేమీ లేదండీ. ఎక్స్‌పోర్ట్‌లో, అంటే పీడీఎఫ్ లాంటివి చేసేటప్పుడు, హెడ్డింగ్ లోతు డిఫాల్ట్‌గా 3. అంతకన్నా లోపలివి లిస్టు అయిపోతాయి. సెక్షన్ నంబర్లు ఆన్‌లో ఉన్నాయి కాబట్టి మీకు "1." వచ్చింది, లేకపోతే చుక్క వచ్చేది. ఫైల్ పైన ఆప్షన్స్ లైన్‌లో (#+OPTIONS:) హెచ్:4 (H:4) అని చేర్చండి. హెచ్ పెద్దక్షరం. సెట్టింగ్స్‌లో అన్ని ఫైళ్ళకీ ఒకేసారి పెట్టొచ్చు గానీ నేను పెట్టను. అదే ఫైల్ ఇంకో మెషీన్‌లో తెరిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

అడిగినవారు:
లిస్టు పోయింది, టేబుల్ దారికొచ్చింది, థాంక్స్! కానీ ఇప్పుడు హెడ్డింగ్ బోల్డ్‌లో వచ్చి, పక్కనే అదే లైన్లో పేరా మొదలైపోతోంది. పీడీఎఫ్ రూపాన్ని నిర్ణయించే డాక్యుమెంట్ క్లాస్‌ని ఆర్టికల్ నుంచి రిపోర్ట్‌కి మార్చి చూశా. ఒక స్టార్ హెడ్డింగ్ కాస్తా "పార్ట్" అయి ఒక పేజీ అంతా ఆక్రమించింది. వెంటనే వెనక్కి మార్చేశాను. ఇంకోటి, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో విషయసూచిక చాంతాడంత అయింది.

ఇంకొకరి జవాబు:
విషయసూచికకి అదే ఆప్షన్స్ లైన్లో టీఓసీ:2 (toc:2) అనండి, దాని లోతు దానిదే. హెడ్డింగ్ పక్కనే పేరా రావడం ఆర్గ్ పని కాదు, పీడీఎఫ్‌ని తయారుచేసే లేటెక్‌ది. ఆర్టికల్‌లో నాలుగో స్థాయి అంటే 'పేరాగ్రాఫ్', దాని తీరే అంత. లేటెక్‌కి చేర్చుకునే టైటిల్‌సెక్ ప్యాకేజీతో పేరాని కిందికి దింపొచ్చు. అంతకన్నా ముందు ఒక్క మాట: మీ ఫైల్‌లో ఒక స్టార్ హెడ్డింగులు ఎన్ని?

అడిగినవారు:
ఒక్కటే. మాన్యువల్ పేరు.

ఇంకొకరి జవాబు:
అనుకున్నాను! దాన్ని ఫైల్ పైన టైటిల్ లైన్లోకి (#+TITLE:) పంపేయండి. మిగతాదంతా సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎడమ బాణం నొక్కితే అన్నింటికీ ఒక్కో స్టార్ తగ్గుతుంది.

అడిగినవారు:
మూడులో సరిపోయిందండీ. హెచ్:4 కూడా తీసేశాను.