స్లీవా, మినీ బైపాసా? షుగర్, ఛాతీలో మంట రెండూ ఉన్నవాళ్లు ఏది చేయించుకున్నారు?

నిజాంపేట్ మాధవి:
అందరికీ నమస్తే. నాకు 38 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, లెక్కేస్తే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 44 దగ్గర పడుతోంది. ఆరేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మూడూ మింగుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.9 నుంచి కిందికి దిగనంటోంది. దానికి తోడు రాత్రి పడుకుంటే చాలు, గొంతు దాకా పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి, రెండు దిండ్లు లేకపోతే నిద్రే లేదు. మోకాళ్ల నొప్పులకు ఎప్పుడూ పర్సులో డైక్లోఫెనాక్ ఉండాల్సిందే.

బరువు తగ్గే సర్జరీ చేయించుకోవాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో అయిపోయింది కాబట్టి దయచేసి ఇక్కడ మళ్లీ మొదలుపెట్టొద్దు. (మా అత్తగారు మాత్రం ఇప్పటికీ "నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడమేంటే" అంటూనే ఉన్నారు.) ఇద్దరు సర్జన్లను కలిశా. ఒకాయన స్లీవ్ అన్నారు, పేగుల జోలికి పోం, గంటలో అయిపోతుంది, సింపుల్ అని. ఇంకొకాయన మీకు షుగర్ ఉంది కదా, మినీ బైపాస్ అయితేనే మంచిది అన్నారు. ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు, అదే నా టెన్షన్. మా ఆడపడుచేమో కడుపులో బెలూన్ వేయించుకో వదినా, కోతే ఉండదు అంటోంది. మీలో చేయించుకున్నవాళ్లు ఏది, ఎందుకు ఎంచుకున్నారో చెప్తారా?

ఉప్పల్ రవి:
అక్కా, నాది స్లీవ్. 134 కిలోల నుంచి 92కి వచ్చా, ఇప్పుడు 97 దగ్గర ఆగింది. అప్పట్లో నాకు షుగర్ లేదు, మంట అసలే లేదు, కాబట్టి నాకు స్లీవ్ అనడంలో తప్పేం లేదు. అందులో ఏం చేస్తారంటే కడుపులో దాదాపు నాలుగింట మూడు వంతులు నిలువునా కత్తిరించి బయటికి తీసేస్తారు, అరటికాయలా సన్నటి గొట్టం ఒకటి మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన ముక్కలోనే, అందుకే మొదటి ఏడాది ఆకలంటే ఏంటో మర్చిపోతాం. రంజాన్ నెలలో హలీం బట్టీల పక్క నుంచి నడిచి వెళ్లినా కడుపులో కదలిక లేదంటే నమ్ముతారా? తర్వాత ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, అది కూడా ముందే తెలుసుకోండి.

కానీ ఆ గొట్టం సన్నగా ఉండేసరికి లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుంది. మంట అంటే తెలియని నేను ఇప్పుడు పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ అనే యాసిడ్ మాత్ర వేసుకోనిదే టీ తాగను. ఇప్పటికే రెండు దిండ్లు పెట్టుకునే మీకు స్లీవ్ ఎలా చెప్పారో నాకైతే అర్థం కాలేదు. ఎండోస్కోపీ, అదే గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష, చేశారా అసలు?

తార్నాక డైటీషియన్:
రవిగారు సరిగ్గా అసలు ప్రశ్నే వేశారు. నేను బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే సర్జరీ, పేషెంట్లకు డైట్ చెప్పే పనిలో ఉన్నాను, సర్జన్‌ని కాను, ఆ లెక్కలోనే చదవండి.

చాలామంది ఏ సర్జరీలో ఎన్ని కిలోలు పోతాయని అడుగుతారు. కిలోల్లో తేడా మీరు అనుకున్నంత ఉండదు. స్విట్జర్లాండ్‌లో స్లీవ్‌నీ, మామూలు బైపాస్‌నీ పోల్చి చేసిన ట్రయల్ ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి, బరువు విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మంట దగ్గరే తేడా కొట్టొచ్చినట్టు ఉంది: స్లీవ్ తర్వాత అది ఎక్కువైనవాళ్లు 32 శాతం దాకా ఉంటే, బైపాస్‌లో 6 శాతం. కాబట్టి మీలాంటివాళ్లు కిలోలు పక్కన పెట్టి, ఒంట్లో ఇంకేం జబ్బులున్నాయి, జీవితాంతం మాత్రలు మింగగలనా అన్న రెండు విషయాల మీద తేల్చుకోవాలి.

ఇక బైపాస్‌లో రెండు రకాలు. మామూలుది, రూ ఎన్ వై అంటారు, అందులో కడుపు పైభాగంలో 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, చిన్నపేగును వై అక్షరం ఆకారంలో రెండు చోట్ల కలుపుతారు. పైత్యరసం చాలా కిందికి వచ్చి కలుస్తుంది, సంచి వైపు రాదు. మినీ బైపాస్‌లో సంచి పొడుగ్గా గొట్టంలా ఉంటుంది, పేగును వంకీలా పైకి తెచ్చి ఒక్కచోటే కుడతారు. 1997లో అమెరికాలో మొదలైంది, మన దేశంలో బాగా చేస్తున్నారు, షుగర్ మీద గట్టిగా పనిచేస్తుంది, టైమ్ కూడా తక్కువ పడుతుంది. కానీ పైత్యరసం ఆ కుట్టు మీదుగానే పోతుంది కాబట్టి కొంతమందికి అది పైకి ఎగదన్నుతుంది, అది యాసిడ్ మాత్రలకు లొంగే మంట కాదు. మీకు ముందే రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం) ఉంది కాబట్టి ఆ రెండో సర్జన్‌ని "మామూలు బైపాస్ ఎందుకు వద్దు?" అని నేరుగా అడగండి. మినీయే అంటే పేగు ఎన్ని సెంటీమీటర్లు పక్కన పెడతారో కూడా అడగండి. 150 వేరు, 200 వేరు. పొడుగు పెరిగేకొద్దీ విరేచనాలు, పోషకాల లోపాలు ఎక్కువవుతాయి.

ముందు ఎండోస్కోపీ చేయించుకోండి. హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉందా, అన్నవాహిక కింది భాగంలో పుండు పడిందా, హెచ్ పైలోరి అనే కడుపు బ్యాక్టీరియా ఉందా, ఇవన్నీ తెలియకుండా ఏ సర్జరీ పేరు చెప్పినా అది ఊహే.

సంతోష్ కొండాపూర్:
అందరూ కోతల గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయి కదండీ, మౌంజారో 2025 మార్చిలో మన దగ్గరికి కూడా వచ్చింది, వారానికి ఒకటి. మా ఆఫీసులో వాడుతున్నవాళ్లు బాగానే తగ్గారు. కడుపు కోసేశాక వెనక్కి పెట్టలేం, ఇంజెక్షన్ అయితే నచ్చకపోతే ఆపేయొచ్చు. ముందు అది చూడకుండా టేబుల్ ఎక్కడం నాకు తొందరపాటే అనిపిస్తుంది.

తార్నాక డైటీషియన్:
సంతోష్‌గారూ, మీ మాటను కొట్టిపారేయను. బీఎంఐ 30, 32 ఉన్నవాళ్లయితే నేనూ అదే చెప్తా. కానీ ఆ మందు షుగర్ లేనివాళ్లలో చేసినంత పని షుగర్ ఉన్నవాళ్లలో చేయదు. షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో 72 వారాలకు, ఎక్కువ డోసు మీద, తగ్గింది సుమారు 15 శాతం. మాధవిగారికి అంటే 112 నుంచి 95 దాకా. మంచిదే, కానీ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, అంటే ఆ ఖర్చు ఏళ్ల తరబడి పెట్టుకోవాలి. బెలూన్‌దీ అదే కథ, ఆరు నెలలకో ఏడాదికో తీసేయాల్సిందే, తీశాక ఆకలి ఎప్పటిలాగే. పైగా రిఫ్లక్స్ ఉన్న మనిషి కడుపులో బెలూన్ పెడితే మంట, వాంతులు పెరిగే అవకాశమే ఎక్కువ. మీ ఆడపడుచుకు ఆ మాట చెప్పండి.

మలక్‌పేట్ రఫియా:
మాధవిగారూ, నాది మామూలు బైపాస్. నాకూ షుగర్, మంట రెండూ ఉండేవి. మంట పోయింది, షుగర్ మాత్రలు మూడు నుంచి ఒకటికి వచ్చాయి, పూర్తిగా పోలేదు. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లయితే, ఇన్సులిన్ దాకా వెళ్లి ఉంటే పూర్తిగా పోయే అవకాశం తగ్గుతుందని మా డాక్టర్ ముందే చెప్పారు. మీకు ఆరేళ్లే, ఇన్సులిన్ లేదు, నాకంటే మీరే నయం.

ఎవరూ సరిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ పర్సులో డైక్లోఫెనాక్ ఉందన్నారు చూడండి, బైపాస్ తర్వాత దాన్ని మర్చిపోవాలి. ఐబుప్రొఫెన్ కూడా. కడుపూ పేగూ కలిపిన కుట్టు దగ్గర పుండు పడుతుంది, రక్తం కారుతుంది, ఒక్కోసారి రంధ్రం పడి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. సిగరెట్ తాగేవాళ్లకీ అదే ప్రమాదం. బరువు తగ్గితే మోకాళ్లకు చాలా ఊరట, కానీ తగ్గేదాకా పారాసిటమాల్‌తో నెట్టుకు రాగలరా అని ముందే ఆలోచించుకోండి. మెడికల్ షాపువాడు నొప్పి అనగానే ఇచ్చే స్ట్రిప్ తీసుకోకండి, పేరు చదవండి. నేను మా ఇంట్లోవాళ్లందరికీ ఆ రెండు పేర్లూ ఫ్రిజ్ మీద రాసి అంటించా.

తిండి సంగతి. పెళ్లిలో డబుల్ కా మీఠా నాలుగు చెంచాలు తిన్నానంటే పావుగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, ఎక్కడైనా పడుకుంటే చాలనిపిస్తుంది. డంపింగ్ అంటారు. అందరికీ రాదు, వచ్చినవాళ్లు తీపి దానంతట అదే మానేస్తారు, నాకైతే అది మంచికే అయింది. బిర్యానీ తింటా, నాలుగు ముద్దలు, ముందు ముక్క తర్వాతే అన్నం. తినేటప్పుడు నీళ్లు తాగను.

నిజాంపేట్ మాధవి:
అందరికీ థాంక్స్ అండి, నాలుగు వీడియోలు చూసినా తెలియనివి ఇక్కడ తెలిశాయి. ఎండోస్కోపీ ఇద్దరూ రాయలేదు, స్లీవ్ ఆయన సర్జరీ ముందు రోజు చేస్తాం అన్నారు. ముందు రోజు చేసి ఏదైనా తేలితే అప్పుడేం మారుస్తారో! వేరే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర విడిగా చేయించుకుంటా. రఫియాగారూ, డైక్లోఫెనాక్ మాట చదివి గుండె గుభేల్‌మంది. ఇంకో రెండు డౌట్లు. నేను శాకాహారిని, ప్రొటీన్ ఎలా? ఇన్సూరెన్స్ ఇస్తుందా?

పాలసీ ప్రసాద్:
ఇన్సూరెన్స్ సంగతి నేను చెప్తా. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ, అదే మన నానక్‌రామ్‌గూడలో ఉన్న ఆఫీసే, పెట్టిన నియమం ప్రకారం బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటివి ఉంటే సర్జరీకి కవర్ ఉండాలి. డాక్టర్ సలహా, అంతకుముందు డైట్ లాంటివి చేసి ఫలించలేదన్న ఆధారం కావాలి. మీరు 44 కాబట్టి బీఎంఐ లెక్కలో ఇబ్బంది లేదు. వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలం) అయిందో లేదో చూసుకోండి, గరిష్ఠంగా 3 ఏళ్లు పెట్టొచ్చు. ప్రీ ఆథరైజేషన్, అంటే కంపెనీ ముందస్తు అనుమతి, ఈమెయిల్‌లో చేతికొచ్చాకే డేట్ ఖాయం చేసుకోండి. హాస్పిటల్ డెస్క్ వాళ్లు "అయిపోతుంది మేడమ్" అంటే అది అప్రూవల్ కాదు.

తార్నాక డైటీషియన్:
శాకాహారులకు కష్టమే కానీ కుదురుతుంది. రోజుకు 60 గ్రాములు తక్కువ కాకుండా ప్రొటీన్ పడాలి. పప్పు నీళ్లతో అది రాదు, పప్పుచారులో ఉండేది చారే. పనీర్, చిక్కటి పెరుగు, మీల్ మేకర్, మొదటి నెలల్లో ప్రొటీన్ పౌడర్ తప్పదు. ప్రొటీన్ తగ్గితే మూడో నెల తర్వాత మామూలుగా రాలే జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. బీ12 శాకాహారుల్లో ముందే తక్కువ ఉంటుంది, ఏ బైపాస్ అయినా ఇంకా పడిపోతుంది, కాబట్టి బీ12, ఐరన్, విటమిన్ డీ ఇప్పుడే చూపించుకుని, తక్కువుంటే సరిచేసుకున్నాకే టేబుల్ ఎక్కండి. తర్వాత కాల్షియం, ఐరన్ ఒకేసారి మింగొద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి, ఐరన్ మీద టీ తాగొద్దు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే అదే తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. బీ1 పడిపోయి నరాలు దెబ్బతింటాయి, వెంటనే హాస్పిటల్‌కు వెళ్లాలి.

మీ షుగర్ మాత్రల గురించి కూడా ఒక మాట. డాపాగ్లిఫ్లోజిన్ సర్జరీకి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. సర్జరీ ముందు లివర్ చిన్నది కావడానికి పెట్టే తక్కువ పిండిపదార్థాల డైట్ మీద కూడా అది వేసుకుంటే, షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తూ కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి డైట్ మొదలయ్యే రోజుకే ఏం చేయాలో మీ షుగర్ డాక్టర్‌ని అడగండి. గ్లిమెపిరైడ్ సర్జరీ తర్వాత పాత డోసులోనే వేసుకుంటే షుగర్ దబ్బున పడిపోతుంది. ఈ రెండు పేర్లూ మత్తు డాక్టర్‌కు మీరే చెప్పండి, ఫైల్‌లో ఉంటుందిలే అనుకోవద్దు. ఎండోస్కోపీ రిపోర్ట్ వచ్చాక హెర్నియా సైజు ఎంత రాశారో ఇక్కడ పెట్టండి, సర్జన్‌ని ఏం అడగాలో అప్పుడు చూద్దాం.